ఆరున్నొక్కటో వర్షన్

నేను కంప్యూటర్లు నేర్పి బతికినవాణ్ణి. నిజామాబాదులో వర్ని చౌరస్తాకు దగ్గర్లో మేడ మీద ఒక గది, అందులో ఆరు కంప్యూటర్లు, ఒక నల్లబల్ల, గుమ్మంలో చెప్పుల గుట్ట. రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. ఊళ్ళో జనం నన్ను తెలివైనవాడని అనుకునేవారు. వాళ్ళకంటే ఎక్కువగా నేనే అనుకునేవాణ్ణి. ఆ తెలివితో నేను చేసిన ఒక పని గురించి ఇప్పుడు రాస్తున్నాను. ఎవరైనా చదివి ఓదారుస్తారని కాదు. ఓదార్పు అడిగే మొహం నాకు లేదు.

బోధన్ పక్కన ఒక చెరుకు రైతుల సంఘం ఉండేది. పేరు చెప్పను. చెరుకు ఎవరు ఎప్పుడు కొట్టి కార్ఖానాకు పంపాలో రాసిన కోత చిట్టీలు ఆ సంఘమే ఇచ్చేది. చిట్టి లేనిదే బండి తూకానికి కాంటా ఎక్కదు. పక్వానికొచ్చిన చెరుకు మన కోసం ఆగదు. వంతు ఆలస్యమైతే పూత పడుతుంది, లోపల బెండవుతుంది, ఎండకు బరువు పోతుంది. కార్ఖానాలో చెరుకు ఆడించే క్రషింగ్ బందయ్యే రోజుకి చేనులో ఉండిపోయిన చెరుకు ఇక ఉన్నా లేనట్టే. అందుకని ముందు నాటినవాళ్ళకు ముందు చిట్టి రావాలని సంఘం నియమం పెట్టుకుంది. నియమం పుస్తకంలో ఉండేది. చేత్తో రాసే చిట్టీల్లో మాత్రం పెద్ద చేన్లవాళ్ళ పేర్లు ముందుకు జరిగేవి, ఎకరం రెండెకరాలవాళ్ళవి వెనక్కి పోయేవి. ఎవరు జరిపారయ్యా అంటే ఎవరూ జరపలేదు.

ఆ సంఘంలో ఒక గుమాస్తా ఉండేవాడు. యాభై దాటిన మనిషి. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. ఆదివారం మెథడిస్టు చర్చికి, మిగతా ఆరు రోజులు సంఘానికి, ఇంతే ఆయన తిరుగుడు. అంతకుముందు ముప్పై ఏళ్ళు కాంటా దగ్గర నిలబడి తూకాలు చదివాడు. మోకాళ్ళు మొరాయిస్తే తెచ్చి ఆఫీసులో కూర్చోబెట్టారు. ఆయనకు ఒకటే పిచ్చి, ఎవరి వంతు వాళ్ళకు రావాలని. ఒకరోజు మెట్లెక్కి ఆయాసపడుతూ మా గదికి వచ్చాడు.

"తమ్మీ, ఎవ్వలు జెప్పినా ఇనకుండ సీరియల్ ఏసే మిషిని ఉంటదా?"

ఉంటుందన్నాను. సంఘంలో మూలన దుమ్ము తింటున్న ఒక పాత కంప్యూటరు ఉంది. దాన్ని తుడిచి, మిషనును నడిపించే లినక్స్ అనే సాఫ్ట్‌వేరు అందులో ఎక్కించాను. అది ఎవరైనా తీసుకోవచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. ఆ సంగతి చెబితే ఆయన చాలా సంతోషించాడు. "గట్లుండాలె ఏదైనా" అన్నాడు. నాటిన తేదీ ప్రకారం పేర్లు వరుస పెట్టి చిట్టీలు అచ్చువేసే ప్రోగ్రామ్ ఒకటి నేనే రాసిచ్చాను. ఆయన రెండు వేళ్ళతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, అందరు రైతుల పేర్లూ నాటిన తేదీలూ ఎక్కించాడు. దానికి ఒక వానాకాలమంతా పట్టింది.

రెండు సీజన్లు వంతు వంతుగానే నడిచింది. మోస్రా వైపు నుంచి ఎకరంన్నర చెరుకున్న ఒక అవ్వ వచ్చేది. బతుకులో మొదటిసారి తన చిట్టి సమయానికి అందిన రోజున ఆమె ఆ కంప్యూటరు వంక చాలాసేపు చూసి, "దీనిగ్గూడ జర చాయ్ పొయ్యుండ్రి" అంది. ఆఫీసంతా నవ్వారు. అన్న నవ్వలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. నేనైతే ఆ రోజు భూమ్మీద నడవలేదు.

మూడో ఏడాది వానల్లో దాని హార్డ్ డిస్కు పాడైంది. నేను ఊళ్ళో లేను. సంఘంవాళ్ళు హైదరాబాదు నుంచి ఎవరినో పిలిపించారు. ఆయన కొత్త డిస్కు వేసి, మళ్ళీ లినక్సే ఎక్కించి, రైతుల జాబితానూ నా ప్రోగ్రామునూ పాతదాంట్లోంచి తీసి అందులో పెట్టి వెళ్ళాడు. మంచి పనివాడే. ఏ వర్షన్ ఎక్కించాడో ఎవరికీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఈ వర్షన్ గొడవ కొంచెం చెప్పాలి. లినక్స్ ఏటేటా కొత్తది వచ్చేది, ఒక్కోదానికి ఒక నంబరు. పైకి అన్నీ ఒకేలా ఉంటాయి. లోపలి భాగాలు మాత్రం ఒకదానివి ఒకదానికి సరిపోవు. అందుకే ఏ మిషను దగ్గర కూర్చున్నా ముందు దాని వర్షన్ ఏమిటో తెలుసుకోవాలి. అదేమీ బ్రహ్మవిద్య కాదు. లోపల చిన్న ఫైలు ఒకటుంటుంది, దాన్ని తెరిస్తే ఒక్క లైనులో మిషను తన సంగతి తనే చెబుతుంది. ప్రతి బ్యాచికీ మొదటి రోజే ఈ ముక్క నల్లబల్ల మీద పెద్దక్షరాలతో రాసేవాణ్ణి. అడక్కుండా ఏదీ ముట్టుకోవద్దు అని గొంతు చించుకునేవాణ్ణి.

ఆ సీజను చివర్లో, క్రషింగ్ బందవడానికి ఇంకా మూడు వారాలు ఉన్నాయనగా, సంఘంలో పాత ప్రింటరు కాలిపోయింది. కొత్తది తెచ్చారు. లినక్స్ దాన్ని గుర్తుపట్టలేదు. చిట్టీలు ఆగిపోయాయి. అన్న ఫోన్ చేశాడు.

"తమ్మీ, లైన్ల ఇంక నలబై మంది ఉన్నరు. చిన్నోళ్ళే అందరు. జర జల్ది సూడు."

బోధన్ ఎంత దూరమని. బస్సెక్కితే గంట. కానీ నాకు ఆ వారం బ్యాచిలున్నాయి, పైగా ఇంత చిన్న పనికి నేను పోవడమేమిటన్న గీర ఉంది. ప్రింటరుకు కావలసిన ఫైళ్ళన్నీ ఒక సీడీలో వేసి బస్సులో పంపుతాను, ఫోన్లో చెబుతుంటే కొట్టమన్నాను. ఎవరో మిషను ముట్టుకున్నారని విన్నాను కాబట్టి వర్షన్ మాత్రం అడిగాను. అది నా జాగ్రత్త. అప్పుడు మిషనుతో చెప్పించాల్సింది, మనిషిని అడిగి ఊరుకున్నాను.

"అన్నా, తెర మీద నీ పేరడిగే కాడ పైన ఒక లైనుంటది. రిలీజ్ అని ఉంటది సూడు. దాని పక్కకు నంబరెంత?"

కళ్ళద్దాలు సర్దుకుంటున్నట్టుంది.

"ఆరున్నొక్కటి, తమ్మీ."

మంచిదన్నాను. చేతిలో ఉన్న కాగితం మీద ఆరు పాయింట్ ఒకటి అని రాసుకున్నాను. మొదట్లో నేను ఎక్కించింది కూడా ఆరు పాయింట్ ఒకటే. హైదరాబాదాయన పాత సీడీతోనే మళ్ళీ ఎక్కించాడన్నమాట అనుకున్నాను. అనుమానం అన్నది రాలేదు. ఆ వర్షనుకు సరిపడే ఫైళ్ళు, వాటి కింద ఉండాల్సిన లోపలి భాగాలు, లైబ్రరీలంటాం వాటిని, అన్నీ సీడీలో వేసి పంపించాను.

మర్నాడు పొద్దున ఫోన్లో ఒక్కో అక్షరం చెప్పాను. ఆయన ఒక్కో అక్షరం తిరిగి అప్పజెప్పి కొట్టాడు. ఎంటర్ కొట్టాక మిషను ఏదో అంది.

"ఏదో ఇంగ్లీషుల రాస్తున్నది తమ్మీ. సదువుతున్న ఇను. ఎన్, ఈ, డబ్ల్యూ, ఈ, ఆర్..."

ఇందులో ఉన్నది నువ్వు తెచ్చినదానికంటే కొత్తది అని చెబుతోంది మిషను. ఆ ఐదక్షరాలు నా చెవిలో పడ్డాయి. పడ్డాక కూడా నేను ఆయన్ని మధ్యలోనే ఆపేశాను. ఇటువైపు పాతికమంది నా కోసం కూర్చున్నారు, నాకు తొందర.

"అది గట్లనే అంటది అన్నా. నువ్వు సదువకు, నేన్ జెప్పింది కొట్టు. మల్ల అదే లైను, ఆఖరికి రెండు అడ్డగీతలు, ఎఫ్, ఓ, ఆర్, సి, ఈ."

ఆయన కొట్టాడు. ఎంటర్ కొట్టలేదు.

"ఫోర్స్ అంటె జబర్దస్తి గదా తమ్మీ? జబర్దస్తి జెయ్యొచ్చునా?"

"అరే, ఏం గాదు. కొట్టు."

కొట్టాడు. కాసేపటికి, ఏం కొట్టినా ఒకటే లైను వస్తున్నదని చెప్పాడు. అప్పుడైనా ఆగి ఉండాల్సింది. బంద్ చేసి మళ్ళీ చాలూ చెయ్యమన్నాను. అది మళ్ళీ లేవలేదు.

తర్వాతి బస్సుకు నేనే బయలుదేరాను. ఆఫీసుకు పోయేసరికి అన్న ఆ నల్లటి తెర ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడైనా పొరపాటు కొట్టానేమోనని, నేను చెప్పిన ప్రతి లైనూ నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాడు. మొదటి పేజీలో, నేను అడిగిన ఆ పై లైను కూడా ఉన్నదున్నట్టు దింపుకున్నాడు. రిలీజ్ పక్కన అంకె చూశాను. ఏడు. పక్కన చుక్క లేదు, ఒకటి లేదు.

"అన్నా, గిది ఏడు గదా!"

"ఔ తమ్మీ. నేన్ జెప్పిన గదా, ఆరున్నొక్కటని."

మా ఇళ్ళల్లో ధాన్యం కొలిచేటప్పుడు ఏడు అనరు. ఆరు తర్వాత ఆరున్నొక్కటి అంటారు, ఆపైన ఎనిమిది. గింజల మీద ఏడుపు మాట పడగూడదని. మా అమ్మ బియ్యం కొలుస్తూ అన్నది నేను వెయ్యిసార్లు విన్నాను. ఇంట్లో పిల్లలు ఏడుపు లంకించుకుంటే ఆరున్నొక్క రాగం మొదలైందని నేనే వెక్కిరించేవాణ్ణి. అంత తెలిసిన మాట అది. కంప్యూటరు మాట్లాడేచోట మా అమ్మ మాట రాదని నాకెందుకో గట్టి నమ్మకం. పైగా ఈయన చర్చికి పోయే మనిషి, ఇలాంటి పట్టింపులు ఈయనకెందుకుంటాయి?

అదే అడిగాను. కొంచెం కోపంగానే అడిగాను, తప్పు ఆయన మీదికి తొయ్యడానికి దారి దొరుకుతుందేమోనని.

"చర్చిల ఏడే అంట తమ్మీ. గాడ అది మంచి అంకె. కాంటా కాడ ముప్పై ఏండ్లల్ల ఒక్కనాడు గూడ అనలే. యాడాది కష్టం తెచ్చి మన ముంగట పెడ్తరు. ఒగల పంట మీద ఏడుపు మాట ఎందుకు? ఆఫీసుల గూడ గదే అలవాటైంది."

ఆయన తప్పు చెప్పలేదు. మిషను కూడా తప్పు చెప్పలేదు. ఇద్దరూ ఉన్న మాటే చెప్పారు, ఇద్దరి నోరూ నేనే మూయించాను. ఎడమకాలి చెప్పును కుడికాలికి జబర్దస్తీగా తొడిగించి, నడవమన్నాను.

బాగు చెయ్యాలంటే ఆ ఏడో వర్షన్ సీడీలు కావాలి. నిజామాబాదులో ఎవరి దగ్గరా లేవు. ఇంటర్నెట్లోంచి ఫోను లైను మీద దింపుకుందామంటే వారాలు పడుతుంది. హైదరాబాదు పోయి, మిషను బాగుచేసిన మనిషి కోసం తిరిగితే ఆయన ఏదో ఊరు పోయాడన్నారు. దుకాణం దుకాణం తిరిగాను. ఒకచోట పాతవి ఉన్నాయి, ఒకచోట అంతకంటే కొత్తవి ఉన్నాయి. చివరికి దొరికాయి గానీ, నేను మళ్ళీ బోధన్ చేరేసరికి ఆరు రోజులు గడిచిపోయాయి.

ఆ ఆరు రోజుల్లో చేతిరాత చిట్టీలు వచ్చేశాయి. సంఘం అధ్యక్షుడు మర్యాదస్తుడు, నాకు కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. "పని ఆగొద్దు గదా సార్" అన్నాడు. పని ఆగలేదు. పెద్ద చేన్లన్నీ ముందుకొచ్చాయి. చెరుకు కొట్టే మనుషులు, లారీలు, బండ్లు అన్నీ క్రషింగ్ బందయ్యే రోజు దాకా వాళ్ళకే రాసి ఉన్నాయి.

నేను మిషనును ఒక పూటలో లేపాను. జాబితా చెక్కుచెదరలేదు. ఒక్క పేరు పోలేదు, ఒక్క తేదీ మారలేదు. కొత్త ప్రింటరు గరగరా కాగితం కక్కింది. అన్న ఆ కాగితాన్ని వరండా గోడకు అంటించాడు. నలభై మంది, ఎవరి వంతు వారిది, అంతా న్యాయంగా ఉంది. దాన్ని చూస్తూ నేను బతుకులో మొదటిసారి అక్షరాలను అసహ్యించుకున్నాను.

మోస్రా అవ్వ అక్కడే బల్ల మీద కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు.

"నాది ఎన్నోది బిడ్డా?"

"నాల్గోది అవ్వా" అన్నాడు అన్న.

"అయితె బండి గట్టమంటవా?"

అన్న గోడ మీద ఊడుతున్న కాగితం అంచును మళ్ళీ నొక్కాడు. ఆమె కాసేపు ఆయన మొహం చూసి, కొంగు భుజాన వేసుకుని లేచిపోయింది.

తర్వాత సంఘం మీటింగు పెట్టారు. నన్ను పిలిచారు, తెలిసినవాణ్ణని. మిషను ఎందుకు ఆగిందో చెప్పమన్నారు. తప్పు కమాండు కొట్టడం వల్ల ఆగిందన్నాను. ఆ వాక్యంలో ఒక్క అబద్ధం లేదు.

"ఎవలు గొట్టిండ్రు?" అన్నాడు అధ్యక్షుడు.

గదిలో పాతికమంది దాకా ఉన్నారు. నా గదికి పిల్లల్ని పంపే తండ్రులు వాళ్ళలో నలుగురైదుగురు ఉన్నారు. నేను చెప్పించాను అనడానికి ఎంతసేపు పడుతుంది? ఒక ఊపిరి. ఆ ఊపిరి సేపు అన్న ఆగాడు, నేనేమైనా అంటానేమోనని. నేను గోడ మీదున్న ఫ్యాను రెగ్యులేటరు వైపు చూశాను.

"నేనే గొట్టిన" అన్నాడు అన్న.

ఆయన నా వైపు తిరగలేదు. నోటుబుక్కు చేతిలోనే ఉంది, నేను చెప్పిన మాటలన్నీ అందులో ఉన్నాయి. దాన్ని తెరవలేదు. ఆయన్ని ఆఫీసు నుంచి తీసేసి మళ్ళీ కాంటాకు పంపారు, ఆ మోకాళ్ళతోనే. కంప్యూటరు మీద ఒక పాత చద్దరు కప్పారు. వంతులు చేతిరాతలోనే నడవాలని తీర్మానించారు. అందరితోపాటు నేనూ తలూపాను.

క్రషింగ్ బందయ్యాక, వర్నిలో ఏదో పని పడి ఆ దారిన పోతూ మోస్రా దగ్గర దిగాను. ఎందుకు దిగానో ఇప్పటికీ చెప్పలేను. చుట్టూ వరి పచ్చగా ఉంది, అవ్వ చెరుకు మాత్రం ఎండి, పూత తలలతో నిలబడి ఉంది. గట్టు మీద కూర్చున్న అవ్వ, తగలబెట్టించాలి అంది. నేను ఎవరో ఆమెకు గుర్తే లేదు. ఒక గడ విరిచి చేతిలో పెట్టింది.

"కొరికి సూడు బిడ్డా, తీపున్నదా?"

లోపల తెల్లటి బెండు. నోట్లో పొట్టు తప్ప ఏమీ లేదు.

"తియ్యగనే ఉన్నదవ్వా" అన్నాను.

ఆమె నమ్మలేదని మొహం చూస్తే తెలిసింది. అయినా ఆ మాటకు తలూపింది. ఆ రోజు బస్సులో నేను ఏడ్చాను. దానివల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదు, నాకు కూడా.

ఆ ఏడాదంతా క్లాసులో మొదటి పాఠం చెప్పలేకపోయాను. వర్షన్ అన్న మాట నల్లబల్ల మీద రాయబోయి సుద్దముక్క కింద పెట్టేసేవాణ్ణి. రెండో పాఠంతో మొదలుపెట్టేవాణ్ణి. మరుసటి సీజను మొదట్లో గుండె చిక్కబట్టుకుని బోధన్ పోయాను. ఉన్నదంతా అధ్యక్షుడికి చెప్పేద్దాం, మిషను మళ్ళీ చాలూ చేయిద్దాం, అన్నను కుర్చీలో కూర్చోబెడదాం అని తీర్మానం చేసుకుని పోయాను. ముందు అన్నకు చెప్పాలని కాంటా దగ్గరికి నడిచాను. బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన గుంజకు ఆనుకుని నిలబడి తూకాలు రాస్తున్నాడు.

"అన్నా, గా తప్పు నాది. ఇప్పుడే పోయి చెప్త. మల్ల కంప్యూటర్ల సీరియల్ ఏద్దాం."

ఆయన రాస్తున్న అంకె పూర్తిచేశాడు.

"వద్దు తమ్మీ. చేతిరాతల ఎవడు జరిపిండో మొఖం గనవడ్తది. రైతు పోయి కొట్లాడనీకె ఒక మనిషుంటడు. నీ మిషిన్ల ఎవల్ని దేవులాడాలె?"

"నేనున్న గదా అన్నా. నేన్ జెప్త అంటున్న."

"అడిగిన నాడు గూడ ఉన్నవ్ తమ్మీ."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు కొంచెం ఊపిరాడేది. చెరుకు దింపేసిన ఒక ఖాళీ బండి, నిండు తూకంలోంచి తీసెయ్యాల్సిన బరువు చూసుకోవడానికి, వచ్చి కాంటా ఎక్కింది. ఆయన ముల్లు వైపు చూసి, కలం ఆపి, నా కాళ్ళ వైపు చూశాడు.

"జర దిగు తమ్మీ. ఖాళీ బండి తూకంల నీ బరువు కలుస్తున్నది. గంత రైతుకే తగ్గుతది."

అప్పటిదాకా కాంటా మీద నిలబడి ఉన్నానని నాకు తెలియలేదు. నేను దిగాను.